పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా

"ఒక్క నిమిషం పని. దానికింత మొహం పెట్టాలా?" అన్నాడు భర్త, పదకొండేళ్ల కిందట, అత్తగారికి ఇన్సులిన్ మొదలైన రోజున. ఆ మాట ఆమెకి ఇప్పటికీ రోజూ పొద్దున్న ఆరున్నరకి ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి ఒకసారి వినిపిస్తూనే ఉంటుంది. ఫ్రిజ్ తలుపులోంచి మందు సీసా తియ్యాలి. రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి, కుదపకూడదు. ఇరవై రెండో గీత దాకా లాగి, బుడగ కనిపిస్తే గోటితో తట్టి పైకి పంపెయ్యాలి. అత్తగారి పొట్ట మీద నిన్న వేసిన చోటికి రెండు వేళ్లు పక్కకి జరిగి, చర్మం మడత పట్టి గుచ్చాలి. పది అంకెలు లెక్కపెట్టి సూది తియ్యాలి. ఆ తరవాత మూత. చిక్కంతా ఆ మూత దగ్గరే. "ఒకే మనిషికి వేసే సూదిని రోజుకొకటి పారేస్తారా ఎవరైనా?" అని ఇంట్లో ఒక సిరంజిని వారం వాడే అలవాటు. కాబట్టి మళ్లీ మూత పెట్టి దాచాలి. అటు పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, కూతురు జడ వెయ్యమని దువ్వెన పట్టుకుని నిలబడుతుంది, బాత్రూంలోంచి భర్త తువ్వాలు కోసం కేకేస్తాడు. మూతలోకి వెళ్లాల్సిన సూది కాస్తా ఎడమచేతి బొటనవేల్లోకి దిగుతుంది. పదకొండేళ్లలో ఎన్నిసార్లు దిగిందో ఎవరు గుర్తు పెట్టుకున్నారు? వేలు నోట్లో పెట్టుకుని ఒకసారి చప్పరించి, ఆమె పాల దగ్గరికి పరిగెత్తేది.

ఆ పని ఆమెకే ఎందుకొచ్చిందంటే, చదువుకుంది కాబట్టి. వేలిముద్ర వేసే తల్లి కడుపున పుట్టి, ఆ వంశంలో మొట్టమొదట డిగ్రీ పట్టా ఇంటికి తెచ్చిన పిల్ల ఆమె. పెళ్లైన కొత్తలో ఆ పట్టా చూసి అత్తగారు మురిసిపోయింది కూడా. కానీ ఆ ఇంట్లో ఆ పట్టా చేసిన పనల్లా ఒకటే. కరెంటాఫీసుకి అర్జీ రాయాలంటే "చదువుకున్నదానివి, నువ్వే రాయి." పిల్లకి లెక్కలు రాకపోతే "చదువుకున్నదానివి, నీ కూతురికే రాకపోతే ఎలా?" సూది వెయ్యాలంటే "డిగ్రీ చదివావు, సిరంజి మీద గీతలు కనిపించవా?" భర్త బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే గుమాస్తా. డ్రైవర్లలో ఎవరికి ఏ పూట ఏ బస్సో రాసి గోడకి అంటిస్తాడు. ఇంట్లో చార్టు అక్కర్లేదు. అన్ని గళ్లలోనూ ఒకటే పేరు.

ఇన్నాళ్లకి ఆమెకి ఒక పని దొరికింది. నాలుగు నెలల సర్వే. హెపటైటిస్ సి అనే జబ్బు మామూలు జనంలో ఎందరికుందో, ఏ దారిన వచ్చిందో తెలుసుకోవడానికి ఆరోగ్యశాఖ వాళ్లు ఇల్లిల్లూ తిప్పుతున్న సర్వే అది. రక్తంలో దూరి, ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా కాలేయాన్ని తినే జబ్బు. చాలామందికి తమకి ఉన్న సంగతే తెలియదు. పదిళ్లకి ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక మనిషి. ఎవరన్నది ఇంటివాళ్ల ఇష్టం కాదు, ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లే. వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం పరీక్ష పలక మీద వెయ్యాలి. పదిహేను నిమిషాల్లో ఒక గీత కనిపిస్తే లేదని, రెండు కనిపిస్తే ఉండొచ్చని. రెండు వచ్చినవాళ్ల రక్తం సీసాలో తీసి పెద్ద ల్యాబుకి పంపుతారు. ఆ పదిహేను నిమిషాల్లోనూ ఇరవై ఏడు ప్రశ్నలు అడగాలి. రక్తం ఎక్కించారా, ఆపరేషన్ అయిందా, పన్ను పీకించుకున్నారా, పచ్చబొట్టు ఉందా, ఇంకొకరి బ్లేడు వాడారా.

పదమూడో ప్రశ్న, వృత్తి. గృహిణి అయితే ఏడో నంబరుకి సున్నా చుట్టాలి. పక్కనే చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంటుంది: "7 అయితే 14 నుంచి 19 వరకు వదిలి 20కి వెళ్లండి." పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా పని గురించిన ప్రశ్నలు. మీ పనిలో సూదులు పట్టుకుంటారా, ఎప్పుడైనా గుచ్చుకున్నాయా, ఇతరుల రక్తం అంటిన బట్టలు ఉతుకుతారా, పుళ్లు కడుగుతారా. గృహిణికి పని ఎక్కడిది, అందుకని వదిలెయ్యాలి. ఆమె చెప్పినట్టు చేసే మనిషి. చిన్నప్పుడు బళ్లో కూడా మార్జిన్ దాటి ఒక్క అక్షరం రాయలేదు. ఏడుకి సున్నా చుట్టగానే కలం ఒక్క గెంతులో ఇరవైకి పోయేది. రెండు నెలల్లో రెండొందల మంది ఆడవాళ్లని అలా గెంతించింది. "మీ కాగితాల్లో ఒక్క కొట్టివేత ఉండదమ్మా. ఆడవాళ్ల ఫారం తొమ్మిది నిమిషాల్లో ముగిస్తారు" అని సూపర్‌వైజర్ నలుగురిలో మెచ్చుకున్నాడు. పెళ్లైన తరవాత ఆమెని ఎవరైనా నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాటని ఇంటికి తెచ్చుకుని, అంట్లు తోముతున్నంతసేపూ మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మూడో నెలలో వాళ్ల వీధి వంతొచ్చింది. లెక్కపెట్టుకుంటూ వస్తే పదో ఇల్లు సరిగ్గా తమదే. సొంత ఇంటి ఫారం సొంతంగా నింపకూడదని నియమం. అందుకని జోడీగా తిరిగే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయిని అందరూ గడియారం అంటారు, పరీక్ష పలక కింద పెట్టిన దగ్గర్నుంచి మణికట్టు మీంచి చూపు తియ్యదని.

"ముందు ఎవరి పుట్టినరోజు అన్నయ్యా?" అని అడిగింది గడియారం.

భర్త తల్లిది చెప్పాడు, తనది చెప్పాడు. భార్య వైపు తిరిగి, "నీదెప్పుడు?" అన్నాడు.

"వచ్చే నెల ఆరో తారీకు."

ఇన్నేళ్లలో ఆమె పుట్టినరోజు ఆ ఇంట్లో దేనికైనా అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

ప్రశ్నలు పదమూడు దగ్గరికొచ్చాయి. "అక్క వృత్తి ఏం రాయను? సర్వే పని అని..." గడియారం నసిగింది. "నాలుగు నెలల ముచ్చటకి దాన్ని ఉద్యోగమంటారా అమ్మా? ఇంట్లోనే ఉంటుంది, రాసుకో" అన్నాడు భర్త, నవ్వుతూ. గడియారం ఆమె వైపు చూసింది. ఏడుకి సున్నా పడింది. కలం పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా గెంతేసింది. ఆమె బొటనవేలు కొంగు చివర్ని చుట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇరవై నాలుగో ప్రశ్న, ఒకరికంటే ఎక్కువమందితో శారీరక సంబంధం. అది ఒంటరిగా అడగాలి. భర్త గుమ్మంలో నిలబడి కదల్లేదు. గడియారం కాగితంలో తల దూర్చి అడిగింది, ఆమె గోడకేసి చూసి "లేదు" అంది.

"అయింది, పదిహేను" అంది గడియారం. తరవాత మణికట్టు మీది చూపు పలక మీదికి తెచ్చి, మళ్లీ మణికట్టు మీదికి తీసుకెళ్లింది. "ఒక్క నిమిషం ఆగుదాం అక్కా."

ఆగినా గీతలు రెండే.

ల్యాబు జవాబు పది రోజులకొచ్చింది. జబ్బు ఉంది. కాలేయం ఇంకా పాడవలేదు, పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ పూర్తిగా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో మాత్రం మాత్రల మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సాయంత్రానికల్లా ఆమె పళ్లెం, గ్లాసు వేరైపోయాయి. గుర్తు తెలియడానికి తండ్రి చెప్పాడని కూతురు గోళ్ల రంగు తెచ్చి గ్లాసు అడుగున ఎర్రటి చుక్క పెట్టింది. పన్నెండేళ్ల పిల్ల, పెడుతూ తల్లి మొహంలోకి చూడలేదు. పిల్లకీ పరీక్ష చేయించింది. లేదని వచ్చిన రోజున ఆమె ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. పళ్లెం వేరైంది గానీ, ఆ పళ్లెంతో పాటు ఇంటిల్లిపాది పళ్లాలూ తోమేది ఆమే. వండేది ఆమే. అందరి బట్టలూ ఉతికేది ఆమే. ముట్టుకుంటే అంటుకుంటుందని భయపడేవాళ్లు, ఆమె ముట్టుకోకుండా ఇంట్లో ఒక్క మెతుకు ఎవరి నోట్లోకీ పోదన్న సంగతి ఎలా మరిచిపోయారో! గ్లాసులతో, పళ్లాలతో, పక్కన కూర్చుంటే ఈ జబ్బు రాదని వీధి వీధినా గుమ్మం గుమ్మానికీ చెప్పి వచ్చిన మనిషి, సొంత గుమ్మం లోపల ఆ మాట ఒక్కసారి అని ఊరుకుంది. "నీ సర్వే పాఠాలు మా దగ్గర వద్దు" అన్నాడు భర్త.

అత్తగారి సూది మాత్రం మానలేదు. పళ్లెం వేరైన రోజు సాయంత్రం ఆరున్నరకే, "అమ్మకి టైమైంది" అని భర్త హాల్లోంచి కేకేశాడు.

జబ్బున్నవాళ్లకి ఇంకో కాగితం నింపుతారు, కేసు పత్రం. అందులో "ఏ మార్గాన వచ్చి ఉండవచ్చు" అని ఒక గడి ఉంటుంది. ఆపరేషన్ లేదు, రక్తం ఎక్కించలేదు, పచ్చబొట్టు లేదు, పనిలో సూదులు, ఆ ప్రశ్నే అడగలేదు. గడియారం చాలాసేపు ఆలోచించి "తెలియదు" అని రాసింది. ఆ ఒక్క మాట ఇంట్లో అడ్డమైన చోటల్లా మొలిచింది.

"తెలియదంటే ఏంటి? రోగం ఆకాశంలోంచి ఊడిపడుతుందా?" అనేవాడు భర్త, అన్నం కలుపుకుంటూ. "మూడు నెలల్నుంచి ఊళ్లో కనిపించిన ప్రతి గుమ్మం ఎక్కుతున్నావు. ఆ ఇరవై నాలుగో దానికి ఏం చెప్పావో నేనూ విన్నాన్లే."

"విన్నారుగా మరి. లేదన్నాను."

"లేదనక ఉందని రాయిస్తారా ఎవరైనా?"

ఆమెకి చెయ్యి తెగినా ఇంత రక్తం పోయుండదు. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ వీధి మలుపు దాటి ఒంటరిగా వెళ్లింది ఈ మూడు నెలల్లోనే. రాత్రీ పగలూ ఎక్కడున్నానో, ఏ గంటకి ఏ అంట్లు తోముతున్నానో ఎరిగున్న మనిషే ఇలా అడుగుతుంటే, అలాంటిదేమీ లేదని తను ఎవరికి రుజువు చూపించాలి? ఏం తెచ్చి చూపించాలి? ఒక్కోసారి ఆమెకే అనుమానమొచ్చేది, మరిచిపోయిన తప్పేదైనా ఉందేమోనని. పదే పదే అడిగితే చెయ్యని తప్పు కూడా చేసినట్టే అనిపిస్తుంది మనిషికి. గడియారంతో చెప్పుకుని ఏడ్చింది. సూది గుచ్చుకున్న సంగతి అప్పుడే నోటికొచ్చింది. గడియారం నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"అక్కా, ఎన్నేళ్లు వేశావు?"

"పదకొండు."

"మీ అత్తగారికి పరీక్ష చేద్దాం. ఆవిడకుంటే నీ గడిలో రాయడానికి ఒక మాట దొరుకుతుంది."

భర్త ఒప్పుకోలేదు. "అమ్మకి పరీక్షా? నీ మచ్చ పోగొట్టుకోడానికి డెబ్భై ఏళ్ల మనిషి మీద బురద చల్లుతావా?" అంటూ లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆయన కోపంలో భయం కూడా ఉందని ఆ రోజు ఆమెకి తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అత్తా కోడళ్లు తప్ప ఎవరూ లేరు. అత్తగారు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. చెడ్డ మనిషి కాదు ఆవిడ. కోడలి పళ్లెం వేరు చేసినప్పుడు "అయ్యో, ఎందుకురా" అంది, కొడుకు ఒక్క చూపు చూస్తే ఊరుకుంది. ఆ ఇంట్లో కొడుకు చూపుతో ఊరుకోవడం కోడలికంటే ముందు నేర్చుకున్నది ఆవిడే.

"అత్తయ్యా, మీ వేలు గుచ్చి ఒక్క చుక్క తీసుకోనా? మీకిష్టమైతేనే."

"మళ్లీనా? కంటాపరేషన్ అప్పుడు సీసాల్లో తీశారుగా."

"అది వేరే. ఇది నా జబ్బుకి చేసే పరీక్ష."

"ఏమో తల్లీ, నాకేం తెలుసు. అప్పుడు కూడా రక్తంలో ఏదో ఉందన్నారు. మావాణ్ణి లోపలికి పిలిచి చెప్పారు. ఇంట్లో ఎవరితోనూ అనకమ్మా, అన్నాడు. నేనెందుకంటాను? అందుకే కదా ఆ రోజు నన్ను అందరికంటే ఆఖర్న చేసింది." ఆవిడ అరచెయ్యి చాచింది. "అంతకు ముందు గర్భసంచి తీసినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఎవరిదో, ఏమిటో. అప్పుడవన్నీ ఎవరు అడిగేవాళ్లు? అడిగితే ఆడవాళ్ల గొడవలు మాకెందుకు చెప్తావు అనేవారు మీ మామగారు. ఎక్కడ గుచ్చుతావు, ఈ వేలా?"

ఆమె చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ఆ రోజు బాగా గుర్తుంది. ఆరేళ్ల కిందట. పొద్దున్న ఏడింటికి ఆస్పత్రికి వెళ్తే, సాయంత్రం నాలుగు దాకా అత్తగారిని ఆకలితో కూర్చోబెట్టారు. తరవాత వచ్చినవాళ్లంతా కంటికి కట్టు కట్టించుకుని వెళ్లిపోతున్నారు. "ఎందుకండీ ఇంత ఆలస్యం?" అంటే "మిషన్ పాడైందట" అన్నాడు భర్త. రక్తంలో ఇలాంటి జబ్బున్నవాళ్ల ఆపరేషన్ ఆ రోజు జాబితాలో చివర్న పెట్టడం ఆస్పత్రుల్లో అలవాటని శిక్షణలో చెప్పినప్పుడు ఆమె నోట్సులో శ్రద్ధగా రాసుకుంది కూడా. రాసుకుంది గానీ, తన ఇంటి కథే రాసుకుంటున్నానని ఎరగదు.

చుక్క తీసింది. పదిహేను నిమిషాలు అత్తా కోడళ్లిద్దరూ ఆ పలకకేసి చూస్తూ కూర్చున్నారు. రెండు గీతలు.

"నీకు నా వల్లే వచ్చిందా?" అంది అత్తగారు. ఆమె ఆవిడ కాళ్ల మీద దుప్పటి సర్దింది.

సాయంత్రం భర్త వచ్చి చెప్పులు విడుస్తుండగానే అడిగింది. కేకలెయ్యలేదు. కేకలెయ్యడం ఆమెకి రాదు.

"ఆరేళ్ల కిందటే మీకు తెలుసట. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కాసేపు చెప్పుల స్టాండు సర్దాడు. తల్లి గది వైపు చూశాడు. బుకాయిస్తాడనుకుంది. బుకాయించినా బాగుండేది. "చెప్తే నువ్వు సూది వెయ్యవేమోనని" అన్నాడు.

అంత మామూలుగా అన్నాడు. గోడ మీద డ్యూటీ చార్టులో గళ్లు చదివినట్టు.

"జాగ్రత్తగా వేసేదాన్ని. చేతికి తొడుగులు వేసుకునేదాన్ని. రోజుకో సిరంజి తెప్పించుకునేదాన్ని."

"అప్పుడు ఎందుకని అడిగేదానివిగా?"

"మరి అత్తయ్యకైనా మందు ఇప్పించారా?"

"ఆవిడకేం నొప్పి లేదు కదా అప్పుడు. వయసైంది, ఎందుకులే అని..."

"తెలిసే నన్ను ఇరవై నాలుగో ప్రశ్న అడిగారా? అన్నం తింటూ?"

ఇద్దరి మధ్యా గోడ గడియారం ఆరున్నర చూపించింది.

ఆమె ఫ్రిజ్ తలుపు తీసి సీసా, సంచీలోంచి కొత్త సిరంజి, తొడుగుల జత తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "ఒక్క నిమిషం పని" అంది. ఆయన ఏదో అనబోయి, ఆమె మొహం చూసి లోపలికి నడిచాడు. సీసాని గలగలా కుదిపాడు. ఇరవై రెండు ఎక్కడుందో కనపడక సిరంజిని కిటికీ వెలుగులో పెట్టుకున్నాడు. సూది తగిలీ తగలకుండానే తల్లి "అబ్బా!" అంది. రెండోసారి అడ్డంగా దిగి, మందు నొక్కకముందే ఊడొచ్చింది. పొట్ట మీద చిన్న ఎర్రటి బొట్టు. భర్త చటుక్కున వెనక్కి జరిగాడు.

"వాడి వల్ల కాదమ్మా" అంది అత్తగారు. కళ్లలో నీళ్లున్నాయి. అవి నొప్పివో, మరి దేనివో. "నువ్వే రా తల్లీ. ఆకలేస్తోంది నాకు."

వెళ్లకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. చక్కెర పెరుగుతుంది, ముసలావిడ కళ్లు తిరిగి పడిపోతుంది. ఆ తప్పు కూడా ఏ గడిలో పడుతుందో తెలుసు. ఎవరి మీద కసి ఎవరి ఒంటి మీద తీర్చుకోవాలి? తొడుగులు వేసుకుంది. ఇంకో కొత్త సిరంజిలోకి మందు లాగింది, బుడగని వేలితో తట్టి పంపేసింది, రెండు వేళ్లు పక్కకి జరిగి మడత పట్టింది. పది అంకెలు. అత్తగారు కళ్లు మూసుకుని ఆమె మోచెయ్యి పట్టుకుని ఉండిపోయింది. సూదికి ఈసారి మూత పెట్టలేదు. సర్వే సంచీలో, వాడిన సూదులు వేసే పసుపుపచ్చ డబ్బాలో పడేసింది. వంటింట్లోకి వెళ్లి ముగ్గురికి అన్నం వడ్డించింది.

ఆ వీధి కాగితాలన్నీ ఇంకా సంచీలోనే ఉన్నాయి, శనివారం అప్పగించాలి. సొంత కాగితం ముట్టుకోకూడదని నియమం. నియమం తప్పడం ఆమె వల్ల ఎన్నడూ కాలేదు. అయినా తన కేసు పత్రం బయటికి తీసింది. కొట్టివేత ఎలా చెయ్యాలో మొదటి రోజే నేర్పారు: గీకి చెరపకూడదు, కింద ఏముందో కనపడేలా ఒక్కటే గీత గియ్యాలి, పక్కన సంతకం పెట్టాలి. "ఏ మార్గాన వచ్చి ఉండవచ్చు" అన్న గడిలో "తెలియదు" మీద అడ్డంగా ఒక్క గీత గీసింది. ఎడమ బొటనవేలితో కాగితం కదలకుండా నొక్కిపట్టి, పక్కనున్న మార్జిన్లో రాసింది.

"ఇంట్లో తెలుసు."

కింద సంతకం పెట్టింది.